పదకొండు ఫేషియళ్ల తర్వాత: 32 ఏళ్ల వయసులో మొటిమలతో వచ్చిన ఒక కేసు

మార్చి క్లోజింగ్ హడావిడి అయ్యాక, ఏప్రిల్ మొదటి వారంలో ఒక పూట సెలవు పెట్టుకుని వచ్చారావిడ. వయసు 32. విజయవాడలో బ్యాంకు ఆఫీసరు. పెళ్లయింది, ఐదేళ్ల బాబు. ఆవిడ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

కూర్చోగానే అన్న మొదటి మాట: "మేడం, టెన్త్‌లో ఉన్నప్పుడు క్లాసంతా మొటిమలే, నాకు ఒక్కటి లేదు. ఇప్పుడేంటి నాకిది? కౌంటర్ దగ్గర పాస్‌బుక్ ఇచ్చే పెద్దావిడ కూడా వేపాకు నూరి రాయమ్మా అని చెప్పి వెళ్తోంది."

మొటిమలు టీనేజీ జబ్బు, పెళ్లయితే పోతాయి అనే మాట మన ఇళ్లలో ఇంకా ఉంది. పాతిక దాటాక మొదలయ్యేవి, లేదా టీనేజీ నుంచీ తగ్గకుండా సాగేవి నా ఓపీలో రోజూ కనిపిస్తాయి. ఆడవాళ్లలోనే ఎక్కువ. వీటి తీరు కూడా వేరు. నుదురు, ముక్కు కంటే దవడ అంచు, గడ్డం, మెడ పైభాగం పట్టుకుంటాయి. పైకి తల కనపడదు, లోపల గడ్డలా ఉండి సలుపుతాయి. నెలసరికి వారం ముందు విజృంభిస్తాయి.

ఆవిడ మొహం మీద ఒక జబ్బు కాదు, మూడు కనిపించాయి. దవడ వెంట, గడ్డం మీద ఎర్రటివి, చీము పట్టినవి 23, లోతైన గడ్డలు 4. నుదుటి మీద వేరే రకం: ఎరుపు లేదు, నొప్పి లేదు, చేత్తో తడిమితే ఉప్మా రవ్వలా తగిలే సన్న పొక్కులు, జుట్టు మొదలయ్యే చోట మరీ ఎక్కువ. బుగ్గల మీద మొటిమలు తక్కువే కానీ చర్మం పల్చబడి, సన్నటి ఎర్ర నరాలు తేలాయి. ఎండలో రెండు నిమిషాలు నిలబడితే మంట పుడుతోందని చెప్పారు. మచ్చలు అన్నిచోట్లా ఉన్నాయి. గడ్డం కింద థ్రెడింగ్ చేయించుకుంటున్న బిరుసు వెంట్రుకలు చూపించడానికి కాస్త మొహమాటపడ్డారు.

అప్పటికి 14 నెలల్లో 11 ఫేషియళ్లు అయ్యాయి. ఫ్రూట్ ఫేషియల్‌తో మొదలై, గోల్డ్ ఫేషియల్ మీదుగా, ఒక చోట ప్యాకేజీలో ఆరు సిట్టింగుల హైడ్రా ఫేషియల్ (మెషీన్‌తో నీళ్లు చిమ్మి మురికి పీల్చే రకం) దాకా. బ్యాంకు మనిషి కదా, లెక్క పక్కాగా ఉంది: 38 వేలు. ఇంకో మేలు కూడా జరిగింది. ప్రతి ఫేషియల్‌కి ముందూ తర్వాతా సెల్ఫీలు తీసి ఫోన్లో దాచుకున్నారు. ఆ ఫొటోల తేదీలు, నెలసరి తేదీలు, ఫేషియల్ తేదీలు ఒక కాగితం మీద పక్కపక్కన రాయమన్నాను. రాస్తుంటే ఆవిడకే అర్థమైంది. మామూలు ఫేషియల్ అయిన రెండు మూడు రోజులు మొహం మెరుస్తుంది, రెండో వారం దాటాక కొత్త పంట. హైడ్రా ఫేషియల్ తర్వాత అంత విజృంభణ లేదు, అలాగని దవడ మీద గడ్డలు ఒక్కటీ తగ్గలేదు.

ఎందుకిలా అంటే, మొటిమ కనిపించిన రోజున పుట్టదు. రంధ్రంలో మృతకణాలు, జిడ్డు కలిసి బిరడాలా పడటం దగ్గర మొదలై, బయటికి తేలడానికి వారాలు పడుతుంది. పార్లర్లో ఇరవై నిమిషాలు జిడ్డు క్రీముతో మర్దనా చేస్తే ఆ క్రీము రంధ్రాలకు అడ్డుపడుతుంది, వేళ్ల ఒత్తిడికి లోపల వాచి ఉన్న రంధ్రం గోడ చిట్లుతుంది. ఆవిరి పట్టడం, సూదితో బ్లాక్‌హెడ్స్ తీయడం, పైన బ్లీచ్. ఇప్పటికే ఎర్రబడి ఉన్న మొహానికి ఇన్ని చేస్తే అది ఊరుకోదు. సౌందర్య సాధనాల వల్ల మొటిమలు వస్తాయని, వాటికి 'ఆక్నే కాస్మెటికా' అని పేరు పెట్టి క్లిగ్‌మన్, మిల్స్ అనే డాక్టర్లు 1972లోనే రాశారు. కొత్త సంగతేం కాదు.

బుగ్గల సంగతి తేలడానికి మాత్రం టైం పట్టింది. "ఇంకేం రాస్తున్నారు?" అని అడిగితే "ఏం లేదు మేడం, మామూలు క్రీమే" అన్నారు. రోగులు 'మామూలు క్రీము' అన్నప్పుడు ట్యూబు చూపించమని అడగడం నాకు అలవాటు. మర్నాడు వాట్సాప్‌లో ఫొటో పంపారు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ మూడూ కలిసినది. మంగు మచ్చలకు కొన్ని వారాల పాటు, డాక్టరు కనుసన్నల్లో వాడాల్సిన మందు అది. మొమెటాసోన్ అంటే స్టెరాయిడ్. చీటీ లేకుండానే మెడికల్ షాపులో ఇచ్చారు, రాత్రిపూట రాస్తే తెల్లబడతారని పక్క టేబుల్ కొలీగ్ చెప్పిందట. తొమ్మిది నెలలుగా వాడుతున్నారు. మొదట్లో ఎరుపు తగ్గి, రంగు తేలి అద్భుతంగా అనిపిస్తుంది. తర్వాత చర్మం పల్చబడుతుంది, నరాలు తేలతాయి, స్టెరాయిడ్ వల్లే కొత్త మొటిమలు వస్తాయి. ఆపితే మంట, ఎరుపు. అందుకని మళ్లీ రాస్తారు. మన దేశంలో చర్మ వైద్యులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్న సమస్య ఇది.

నుదుటి మీది రవ్వకు కారణం శనివారం రాత్రి తలకు పెట్టి, ఆదివారం దాకా ఉంచే కొబ్బరి నూనె. దిండు గలేబు వాసన చూస్తే తెలుస్తుంది అన్నాను. నవ్వారు.

ఇక దవడ. నెలసరి 40 నుంచి 45 రోజులకోసారి వస్తోంది, గడ్డం మీద వెంట్రుకలు, వాళ్లమ్మగారికి షుగరు. పీసీఓఎస్ (అండాశయాల పనీ, హార్మోన్లూ గాడి తప్పే సమస్య) నిర్ధారణకు రోటర్‌డామ్ ప్రమాణాలని ఉన్నాయి, 2003 నాటివి. నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్ల ప్రభావం కనిపించడం, స్కానింగులో అండాశయాల్లో నీటిబుడగలు. వేరే కారణాలు లేవని తేల్చుకున్నాక, ఈ మూడింటిలో రెండు ఉంటే చాలు. ఈవిడకు స్కానింగు అవసరం లేకుండానే రెండున్నాయి.

పరీక్షల దగ్గర ఒక చిన్న తిరకాసు. రెండు నెలల క్రితం చేయించుకున్న రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) బాగా తక్కువగా ఉంది, థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందేమోనని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. మనిషిని చూస్తే ఆ లక్షణాలేం లేవు. జుట్టు ఊడుతోందని రోజూ 10 మిల్లీగ్రాముల బయోటిన్ అనే విటమిన్ మాత్ర వేసుకుంటున్నారని అప్పుడు బయటపడింది. కొన్ని రకాల ల్యాబ్ పరీక్షల్లో బయోటిన్ ఫలితాన్ని తారుమారు చేస్తుంది, టీఎస్‌హెచ్‌ని లేనిపోని తక్కువగా చూపిస్తుంది. వారం ఆపించి, నెలసరి మూడో రోజున మళ్లీ చేయిస్తే థైరాయిడ్ నార్మల్. టెస్టోస్టిరాన్ నార్మల్‌లోనే పై అంచున ఉంది. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.8, అంటే షుగరు గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

మొదటి ఆరు వారాలు నేను చేసింది చాలావరకు ఆపించడమే. ట్యూబు ఆపండి, ఫేషియళ్లు ఆపండి, బ్లీచ్ ఆపండి, నిమ్మకాయ, టూత్‌పేస్ట్ ఆపండి. నురగ తక్కువ వచ్చే క్లెన్సర్, మామూలు మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. సన్‌స్క్రీన్‌లో ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగుదే రాశాను. మన ఛాయ చర్మంలో మచ్చలు నల్లబడటానికి మామూలు వెలుతురు కూడా కారణం, తెల్ల సన్‌స్క్రీన్ దాన్ని అంతగా ఆపలేదు. లోపలికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి, భోజనం మధ్యలో, గ్లాసు నిండా నీళ్లతో, వేసుకున్న వెంటనే పడుకోకుండా. పైపూతకు మొటిమలకూ మచ్చలకూ పనిచేసే అజిలాయిక్ యాసిడ్. ట్యూబు మానేశాక రెండు మూడు వారాలు మొహం ఇప్పటికంటే దారుణంగా అవుతుందని ముందే చెప్పి, కాగితం మీద కూడా రాసిచ్చాను. చెప్పకపోతే మూడో వారం వేరే డాక్టరు దగ్గర తేలతారు.

అనుకున్నట్టే మూడో వారం 23 కాస్తా 31 అయ్యాయి. రాత్రి పదింటికి ఫోను. "మేడం, మీరు చెప్పారు, తెలుసు. అయినా చూసుకోలేకపోతున్నా." మాట్లాడటం తప్ప ఆ రాత్రి నేను చేయగలిగింది లేదు.

నాలుగో వారం నుంచి స్పైరనోలాక్టోన్ మొదలుపెట్టాను. 25 మిల్లీగ్రాములతో మొదలై 50, తర్వాత 75. అసలు ఇది బీపీ మందు, మగ హార్మోన్ల పనిని చర్మం దగ్గర అడ్డుకుంటుంది కాబట్టి ఆడవాళ్ల మొటిమలకు వాడతాం. గర్భం వస్తే వాడకూడదు, మగ శిశువు ఎదుగుదల మీద ప్రభావం పడుతుంది. ఆవిడకు కాపర్-టీ ఉంది, అది తేల్చుకున్నాకే రాశాను. బీపీ చూశాను, పొటాషియం ఒకసారి చూశాను. ఇది నిదానపు మందు. ఇంగ్లండ్, వేల్స్‌లో 410 మంది ఆడవాళ్ల మీద జరిగి, 2023లో వెలువడిన సాఫా ట్రయల్‌లో 12 వారాలకు మందుకూ ఉత్తుత్తి మాత్రకూ పెద్ద తేడా లేదు. 24 వారాలకు మాత్రం మందు వాడినవాళ్లలో 82 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 63 శాతం తగ్గిందని చెప్పారు. ఆ లెక్క ఆవిడకు చూపించాను. అంకెలతో బతికే మనిషికి అంకెలతో చెబితే ఓపిక వస్తుందని నా ఆశ.

ఐదో వారం, బుగ్గల మంట తగ్గాక, రాత్రి విడిచి రాత్రి, రంధ్రాలు మూసుకుపోకుండా చూసే అడాపలీన్ జెల్, మొహమంతటికీ బఠాణీ గింజంత. ఈ పేర్లు చదివి ఎవరూ సరాసరి మెడికల్ షాపుకి వెళ్లొద్దు. ఈ కేసు ఇంత దూరం వచ్చిందే అలా వెళ్లి తెచ్చిన ట్యూబు వల్ల.

ఇప్పుడు నా తప్పు గురించి.

ఏడో వారంలో వచ్చారు. పది రోజుల్లో ఆడపడుచు పెళ్లి. "ఒక్కటంటే ఒక్క పీల్ చేయండి మేడం, ఫొటోలు జన్మంతా ఉంటాయి." కొత్త మొటిమలు తగ్గుముఖం పట్టాయి, బుగ్గలు చల్లబడ్డాయి, నాకూ చేయొచ్చనే అనిపించింది. పీల్ అంటే యాసిడ్ పూసి చర్మం పైపొరను ఊడగొట్టడం. 30 శాతం సాలిసిలిక్ యాసిడ్ పీల్ వేశాను. వేశాక మొహం మీద తెల్లటి పొడిలా తేలుతుంది, అది యాసిడ్ స్ఫటికాలు, మామూలే. కానీ పై పెదవి మీద, గడ్డం పక్కన ఆ తెలుపు తీరు వేరుగా ఉంది, ఆవిడ కళ్లలో నీళ్లు. వెంటనే కడిగేశాను. అప్పుడు అడిగాను, మొదట అడగాల్సిన ప్రశ్న. రెండు రోజుల క్రితం పెళ్లికని పై పెదవికి, గడ్డానికి వాక్సింగ్ చేయించారు. ముందు రోజు రాత్రి అడాపలీన్ కూడా రాశారు. పైపొర ఊడిపోయిన చర్మం మీద నేను యాసిడ్ పూశాను.

నాలుగు రోజుల్లో ఆ రెండు చోట్లా పక్కు కట్టి, గోధుమరంగు చారలు మిగిలాయి. పెళ్లిలో మేకప్ కింద దాచుకున్నారు. ఆ చారలు పూర్తిగా పోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ సిట్టింగుకి డబ్బు తీసుకోలేదు, తప్పు నాదేనని చెప్పాను. అప్పటినుంచి మా పీల్ గది తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది: ఈ వారంలో వాక్సింగ్, థ్రెడింగ్, బ్లీచ్, షేవింగ్ చేయించారా, అడాపలీన్ ఆపి ఎన్ని రోజులైంది, ఆస్పిరిన్ పడదా, గర్భమా, పాలిస్తున్నారా. సిస్టర్ అది చదివి, సమాధానాలు రాసుకున్నాకే లోపలికి పంపుతుంది.

అదే సిట్టింగులో దవడ మీద బాగా సలుపుతున్న ఒక గడ్డలోకి బాగా పలచన చేసిన ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఒక బొట్టు ఇంజెక్షన్ ఇచ్చాను. రెండు రోజుల్లో అణిగిపోయింది. మోతాదు ఎక్కువైతే అక్కడ గుంట పడుతుంది కాబట్టి చెయ్యి తేలిగ్గా ఉండాలి. పెళ్లికి నిజంగా పనికొచ్చింది అదొక్కటే. అంతటితో ఆగి ఉండాల్సింది.

అలవాట్ల మాట మొదటి రోజే వచ్చినా, అసలు చర్చ ఎనిమిదో వారంలో జరిగింది. అప్పటికే ఆవిడ సగం తిండి మానేసి ఉన్నారు. ఆవకాయ లేదు, గుడ్డు లేదు, వేపుడు లేదు. వేడి చేస్తుందని ఆ వేసవి మొత్తం మామిడిపండు ముట్టలేదట. నూజివీడు పక్కనే పెట్టుకుని రసాలు తినకుండా ఎండాకాలం గడపడం నాకైతే శిక్షలా అనిపించింది. కారానికీ నూనెకీ మొటిమలకూ లంకె ఉందనడానికి గట్టి ఆధారాల్లేవు. ఆధారాలున్నవి వేరు: రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచే తిండి, కొందరిలో పాలు, వే ప్రోటీన్ పొడి. ఇవి ఇన్సులిన్‌ను, ఐజీఎఫ్-1 అనే హార్మోన్‌ను పెంచుతాయి, అవి జిడ్డు గ్రంథులను రెచ్చగొడతాయి. ఆవిడ ఇవన్నీ మానకుండా మిగతావన్నీ మానేశారు. రోజుకు ఐదు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార, పక్కన బిస్కెట్లు. పైగా వాళ్లాయన జిమ్ కోసం కొన్న వే ప్రోటీన్ డబ్బాలోంచి పొద్దున ఒక స్కూప్, నీరసం తగ్గుతుందని.

ప్రోటీన్ పొడి ఆ రోజే ఆగింది. టీలు రెండుకి వచ్చాయి, పంచదార అర చెంచాకి. అన్నం మానమనలేదు, మానరు కూడా. మధ్యాహ్నం అన్నం తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచారు. పొద్దున ఇడ్లీ బదులు వారంలో నాలుగు రోజులు పెసరట్టు. మజ్జిగ జోలికి నేను వెళ్లలేదు. షుగరు, నెలసరి విషయం చూడటానికి గైనకాలజిస్టు దగ్గరికి పంపాను. మెట్‌ఫార్మిన్ మాట వచ్చింది కానీ, ముందు తిండి, నడకతో చూస్తానని ఈవిడే అడిగారు.

స్కూటీ మీద వెళ్లేటప్పుడు మొహానికి చుట్టుకునే స్కార్ఫు, దాని మీద హెల్మెట్ పట్టీ. ఎండకి కాపు అనుకుంటాం, నిజమే, కానీ చెమటతో తడిసిన అదే స్కార్ఫుని వారం పాటు వాడితే, పట్టీ రాపిడికి దవడ మీద మొటిమలు రేగుతాయి. కాటన్‌వి నాలుగు కొనిపించాను, రోజుకొకటి ఉతికి వాడటానికి. నూనె తలంటుకి గంట ముందు మాత్రమే. రెండు నెలల్లో నుదుటి మీది రవ్వ సగం పోయింది. అందులో అడాపలీన్ వాటా కూడా ఉంది.

నిద్ర విషయంలో నేను పెద్దగా గెలవలేదు. బాబు పదకొండుకి పడుకుంటాడు, ఆ తర్వాత ఆవిడ ఫోను. ఐదు గంటల నిద్ర ఆరుంపావు అయింది, అంతే. క్వార్టర్ క్లోజింగ్ వారంలో అదీ లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, గిల్లుడు ఒక ఎత్తు. రాత్రి బాబు పడుకున్నాక బాత్రూమ్ అద్దం ముందు ఇరవై నిమిషాలు గిల్లుకుంటారని ఐదోసారి వచ్చినప్పుడు గానీ చెప్పలేదు. సిగ్గుపడ్డారు. ఆ మచ్చల్లో సగం మొటిమలవి కావు, గోళ్లవి. వాళ్లాయన ఆ అద్దం ముందు లైటు బల్బు తీసేశారు. నేను చెప్పలేదు, అది ఆయన సొంత వైద్యం. చీము పట్టిన వాటి మీద రాత్రి అంటించుకునే హైడ్రోకొల్లాయిడ్ బిళ్లలు నేను ఇచ్చాను. చెయ్యి వెళ్లినా బిళ్ల తగులుతుంది. మచ్చల లెక్కలో అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది ఇదేనని నా నమ్మకం, కొలిచి చెప్పలేను.

నిజానికి ఈ కేసులో ఏది ఎంత పనిచేసిందో విడదీయడం నా వల్ల కాదు. స్టెరాయిడ్ ఆపడం, స్పైరనోలాక్టోన్, ప్రోటీన్ పొడి మానేయడం అన్నీ రెండు నెలల లోపే జరిగాయి. ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోతే శాస్త్రానికి బాగుంటుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి అంత టైం ఉండదు.

డాక్సీసైక్లిన్ ఎనిమిదో వారంలో ఆపేశాను. యాంటీబయాటిక్‌ను మూడు నెలలు దాటనివ్వకూడదు, అంతకంటే ముందే ఆపగలిగితే మంచిది. దాని బదులు 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ పూసి కడిగేసే పద్ధతి. తువ్వాళ్లు, దిండు గలేబులు రంగు వెలిసిపోతాయని చెప్పడం మర్చిపోయాను, ఒక పోచంపల్లి దుప్పటి బలైంది.

చారలు పోయి, కొత్త మొటిమలు నెమ్మదించాక, ఐదో నెలలో మళ్లీ పీల్ మాటెత్తింది నేనే. ఆవిడ భయపడ్డారు, న్యాయమే. ఈసారి 20 శాతం, అడాపలీన్ ఐదు రోజులు ఆపి, వాక్సింగ్ లేకుండా, చెవి వెనక చిన్న చోట వేసి చూశాక. మూడు వారాలకోసారి నాలుగు సిట్టింగులు. నుదుటి మీద మిగిలిన పొక్కుల్ని సిస్టర్ జాగ్రత్తగా తీసింది. నుదురు నునుపైంది, మచ్చలు తేలికపడ్డాయి. దవడ గడ్డల మీద పీల్ ప్రభావం సున్నా, ఉంటుందని నేనూ అనుకోలేదు. అవి మందుకే లొంగాయి. పీల్ అయినా, హైడ్రా ఫేషియల్ అయినా చర్మం పైపొర దగ్గర పని. జబ్బు అణిగాక మిగిలిన చెత్త ఊడ్చడానికి పనికొస్తాయి. జబ్బు మండుతున్నప్పుడు చేస్తే ఏమవుతుందో ఏడో వారంలో ఇద్దరం చూశాం.

మొటిమల లెక్క ఇలా నడిచింది: మొదటి రోజు 23, మూడో వారం 31, పన్నెండో వారం 14, ఇరవై నాలుగో వారం 4. కొత్త గడ్డలు ఐదో నెల తర్వాత రాలేదు. నెలసరి 34, 36 రోజులకు వచ్చింది, హెచ్‌బీఏ1సీ 5.6. మందులకు, టెస్టులకు, పీల్స్‌కి కలిపి ఆవిడ లెక్కలో 19 వేలు.

డిసెంబరులో వచ్చినప్పుడు గడ్డం మీద రెండు మొటిమలున్నాయి, నెలసరి నాలుగు రోజుల్లో ఉంది. స్పైరనోలాక్టోన్ 50కి తగ్గించాను, ఇంకో ఆరు నెలలు చూసి ఆపే సంగతి ఆలోచిద్దామన్నాను. ఆపితే మళ్లీ రావచ్చని కూడా చెప్పాను. రెండో బిడ్డ ఆలోచన వస్తే కాపర్-టీ తీయించుకోక ముందే నాకు ఫోను చేయాలి, మాత్ర ఆపించి, అడాపలీన్ కూడా తీసేసి, అజిలాయిక్ యాసిడ్ మీద ఉంచుతాను.

వెళ్తూ వెళ్తూ అడిగారు: "మేడం, పార్లర్ అక్క కనపడినప్పుడల్లా రావట్లేదేంటని అడుగుతోంది. పాపం, మంచిది. వెళ్లొచ్చా?"

కనుబొమ్మలకు వెళ్లమన్నాను. తల మర్దనా కావాలంటే అదీ చేయించుకోమన్నాను. ఆ గంటసేపు ఎవరూ పిలవరు, ఫోను మోగదు, కళ్లు మూసుకుని పడుకోవచ్చు. ఆవిడ 14 నెలలు వెళ్లింది సగం దానికేనని నాకు అనుమానం.

"మొహం మాత్రం ముట్టుకోనివ్వకండి" అన్నాను.

"నేనే ముట్టుకోవట్లేదు మేడం ఇప్పుడు" అని స్కార్ఫు చుట్టుకున్నారు.